రేగులగుంపు నుంచి యూరప్‌కు ఒక దరఖాస్తు

మీకు మీ సొంత ఊళ్లో ఏదైనా కాగితం కావాలా? అయితే ఆలస్యం చేయకుండా యూరప్‌లో ఏదో ఒక దేశపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టండి!

నవ్వుతున్నారా? నవ్వండి. నేను మండలాఫీసు ఎదురుగా టైపు మిషన్ పెట్టుకుని పన్నెండేళ్లుగా జనం అర్జీలు కొడుతున్నవాణ్ని. పింఛను అర్జీలు కొట్టాను, బోరింగు అర్జీలు కొట్టాను, ఎలుగుబంటి గీరితే నష్టపరిహారం ఇప్పించమని కూడా కొట్టాను. వాటన్నిటికీ కలిపి వచ్చిన జవాబులు నా చొక్కా జేబులో పడతాయి, పెన్నుకు ఇంకా చోటుంటుంది. యూరప్‌కు కొట్టింది ఒక్కటంటే ఒక్క అర్జీ. దానికి రెండు జవాబులు వచ్చాయి!

ఆ దేశం పేరు అడక్కండి. చెబితే మీరంతా ఎగబడి దాన్ని కూడా మన ఆఫీసులా తయారు చేస్తారు. మా మండలాఫీసు పేరు కూడా చెప్పను, అక్కడ నాకు రోజూ పని ఉంటుంది.

ఈ మహత్తర మార్గం కనిపెట్టింది నేను కాదు, జంపయ్య. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోతే రేగులగుంపు అని ముప్పై ఇళ్ల కోయగూడెం ఉంది. జంపయ్యది ఆ ఊరు. వాళ్ల నాన్నది ఆ ఊరు, తాతది ఆ ఊరు, ఆ పైన ఎంతవరకు పోయినా అదే ఊరు. అతని కూతురు ముత్తక్క ఆశ్రమ పాఠశాలలో చదివి నిరుడు పదో తరగతి పాసైంది. ఆ గూడెంలో అంతవరకు చదివిన మొదటి మనిషి ఆమే. నర్సు ట్రైనింగులో సీటు కూడా వచ్చింది. సెప్టెంబరు ముప్పైలోగా ఈ ప్రాంతపు మనిషేనని సర్టిఫికెట్ తెస్తే చేర్చుకుంటారు. తేకపోతే సీటు జాబితాలో తర్వాతి వాళ్లకు పోతుంది.

జంపయ్య జూన్‌లో మండలాఫీసుకు వెళ్లాడు.

"రేగులగుంపు మా రికార్డుల లేదయ్యా. గది ఫారెస్టోళ్లది" అన్నాడు గుమాస్తా.

ఫారెస్టు ఆఫీసుకు వెళ్లాడు.

"మా రికార్డుల గక్కడ ఊరు లేదు. టేకు చెట్లున్నయ్" అన్నారు వాళ్లు.

జూన్, జులై నెలలంతా జంపయ్య ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు కాళ్లరిగేలా తిరిగాడు. ఆరోగ్యానికి నడక మంచిది కదా! మన ఆఫీసులు లేకపోతే జనానికి ఇంత వ్యాయామం ఎక్కడ దొరుకుతుంది? చివరికి ఒకరోజు వానలో తడిసి వచ్చి నా దుకాణం అరుగు మీద కూర్చున్నాడు.

"ఏ సర్కారైనా మంచిదే పంతులూ. మా గుంపు పేరు రాసి ముద్రేసే సర్కారు యాడుంటే గాడికి రాయి" అన్నాడు.

అతను విసుగుతో అన్నాడు. నేను మాత్రం అర్జీలు రాసేవాణ్ని, మాటంటే మాటే! సారపాక కాగితం మిల్లులో మెషీన్ బిగించడానికి వచ్చిన ఒక యూరప్ ఇంజనీరు అంతకు ముందు ఏడు నా దగ్గర ఉత్తరాలు కొట్టించుకునేవాడు. ఢిల్లీలో వాళ్ల రాయబార కార్యాలయం చిరునామా నా పుస్తకంలో ఉండిపోయింది. ఫారం పంపమని ఉత్తరం కొట్టాను. పదకొండో రోజున ఫారం వచ్చింది. 'రేపు రా' అనలేదు, 'పెద్దసారు క్యాంపుకు పోయిండు' అనలేదు. ఇదేం ప్రభుత్వమండీ?

ఇక ఆ ఫారం గురించి ఏం చెప్పమంటారు! మన ఫారాల్లో పేరు, తండ్రి పేరు రాశాక మనిషి అయిపోతాడు. వాళ్లకు అలా కాదు, మనిషి మొత్తం కావాలి. ఎత్తు ఎంత? తలుపు దగ్గర నిలబెట్టి టేపుతో కొలిచాను. మాతృభాష? మన ఆఫీసుల్లో అడక్కుండానే తెలుగని రాసేస్తారు. నేను కోయ అని కొట్టాను, అక్కడ దానికి తగినంత ఖాళీ వదిలారు. ఎప్పుడైనా యుద్ధంలో పాల్గొన్నారా? ఎలుగుబంటితో ఒకసారి.

కళ్ల రంగు? "నాకేం ఎరుక, నువ్వే చూసి రాయి" అన్నాడు జంపయ్య. చూశాను. తేనె రంగు. పన్నెండేళ్లుగా ఎరిగిన మనిషి కళ్లలోకి అప్పుడే మొదటిసారి చూశానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

'మా దేశంలో ఎందుకు స్థిరపడాలనుకుంటున్నారు?' అనే ప్రశ్న దగ్గర కాస్త గొడవైంది.

"నేనట్ల ఎప్పుడన్న? ఇప్పపువ్వు రాలేటప్పటికి నేను ఇంటికాడ ఉండాలె" అన్నాడు జంపయ్య.

సరేనని 'మార్చి, ఏప్రిల్ నెలలు మినహా' అని కొట్టాను.

ఇరవై రెండో రోజున జవాబు వచ్చింది. దళసరి కాగితం, పైన రాజముద్ర. 'గౌరవనీయులైన శ్రీ జంపయ్య గారికి, రేగులగుంపు గ్రామం' అని మొదలైంది. మీ దరఖాస్తుకు కృతజ్ఞతలు, మా దేశంలో వరసగా ఏడేళ్లు నివసించినవారికే పౌరసత్వం ఇవ్వగలం గనుక చింతిస్తున్నాం, రేగులగుంపులో మీరూ మీ కుటుంబమూ క్షేమంగా ఉంటారని ఆశిస్తున్నాం అని రాశారు. ఎంత మర్యాద! కాదనడం కూడా ఒక కళేనని నాకు ఆ రోజే తెలిసింది. జంపయ్య మూడుసార్లు చదివించుకున్నాడు.

"గాడ ఏడేండ్లుంటే సాలునా?" అని అడిగాడు.

"చాలట."

"మరి ఈడ ఎన్నేండ్లుండాల్నో గది గూడ రాసిన్రా?"

అది రాయలేదు. రాయబార కార్యాలయాలకు అన్నీ తెలియవు కదా.

సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన తండ్రీ కూతుళ్లనూ, ఆ ఉత్తరాన్నీ వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్లాను. గుమాస్తా కాగితాన్ని వెలుగుకు పట్టి చూశాడు, వేళ్లతో రుద్ది చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు.

"బయటి దేశపోళ్లు రాస్తే నాకు చెల్లదయ్యా. మన సర్కారు ముద్ర కింద రేగులగుంపు అని ఉన్న కాగితం ఒక్కటి తెండ్రి. ఎంత పాతదైనా సరే. గిప్పుడే రాసిస్త" అన్నాడు.

బయటికి వచ్చాం. రోడ్డు దాటక ముందే జంపయ్య ఆగిపోయాడు.

"పంతులూ, నీ కాగితం ఉన్నది గద. నేను వేలేసింది" అన్నాడు.

ఇక్కడ పాఠకులకు చిన్న వివరణ. మన సర్కారు పనిచేయదని కొందరు ఆడిపోసుకుంటారు, అది అన్యాయం. నాది గుడివాడ దగ్గర ఊరు. డెబ్భై ఏడు తుఫాను తర్వాత ఒక ట్రంకుపెట్టె, ఒక టైపు మిషన్ పట్టుకుని ఇటు వచ్చాను. ఆఫీసు ఎదుటి జాగా ఈ ప్రాంతపు వాళ్లకే ఇస్తారని చెప్పారు. అప్పుడు మండలాలు లేవు, తాలూకాఫీసు ఉండేది. సాక్షిని ఒకణ్ని తెచ్చుకోమన్నారు. ఆ వేళ చింతపండు అమ్మడానికి వచ్చిన జంపయ్య కనిపించాడు. టీ తాగించి తీసుకెళ్లాను, అతను వేలిముద్ర వేశాడు. ఒక్క పూటలో నేను ఈ ప్రాంతపు మనిషినైపోయాను! 'పుట్టినప్పటి నుంచి ఇక్కడే నివాసం' అని రాసి, కింద 'సాక్షి: జంపయ్య, రేగులగుంపు గ్రామం' అని చేర్చి, ఆ పైన గుండ్రటి ముద్ర కొట్టారు. ఆ రోజు రేగులగుంపు ఏ రికార్డులో ఉందని ఎవరూ అడగలేదు.

ముత్తక్క ముఖం వెలిగిపోయింది.

"గా కాగితం ఒక్క గంట ఇయ్యుండ్రి సారూ. చూపిచ్చి తెచ్చిస్తం" అంది.

గుమాస్తా నన్ను పిలిచేదే కృష్ణా జిల్లా పంతులని. అతను ఆ కాగితంలో 'పుట్టినప్పటి నుంచి' అన్న మాట చదివితే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు దుకాణం పోతుంది, తర్వాత ఇంకేమేం పోతాయో. నాకూ ఇద్దరు పిల్లలున్నారు.

"అది చెదలు తినేసిందమ్మా, ఎప్పుడో" అన్నాను.

"ముద్రను గూడ తిన్నయా సారూ?"

"మొత్తం తినేశాయి."

జంపయ్యే నన్ను ఓదార్చాడు. "పోనీ తియ్ పంతులూ. నువ్వేం జేస్తవ్, మాకోసం ఢిల్లీ దాంక రాస్తివి" అన్నాడు. ఇద్దరూ ఐదు గంటల బస్సెక్కి వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత సీటు వేరేవాళ్లకు పోయింది.

ఈ వేసవిలో ముత్తక్క తునికాకు కట్టలు కడుతోంది. నిన్న నా దుకాణానికి వచ్చింది. చేతుల నిండా ఆకు పసరు. ఈ ఏడు మళ్లీ ట్రైనింగుకు పెట్టుకుంటుందట, సర్టిఫికెట్ కోసం ఇంకో అర్జీ కొట్టమంది. నేను ఆమెకు మీకు చెప్పిన సలహానే చెప్పాను. యూరప్‌లో దేశాలకేం కొదవ? ఈసారి ఇంకోదానికి రాద్దాం, ఆ సర్కారు కాగితం మీదైనా రేగులగుంపు పేరు చూసి మన గుమాస్తా మనసు కరుగుతుందేమో అన్నాను. టైపు ఖర్చు, కవరు, స్టాంపులు అన్నీ నావేనని కూడా చెప్పాను. పాపం, ఆ పిల్ల నమ్మి దండం పెట్టింది.

ఆమె వెళ్లాక తలుపు వేసి ట్రంకుపెట్టె తీశాను. నా సర్టిఫికెట్ చెక్కుచెదరలేదు, జంపయ్య వేలి గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. చెదలు పట్టకుండా దానికి ఏటా కొత్త కలరా ఉండలు వేస్తున్నాను. నిన్న కూడా వేశాను.