కొసరు జక్రయ్య అర పాయింటు సంగ్రామం

కూడికకు జయము! హెచ్చవేతకు సాష్టాంగ నమస్కారము! ఓ తీసివేతా, నీకు దూరము నుండియే ఒక దండము; మా గడప తొక్కకుము!

మిర్చి ధర నేలచూపులు చూస్తూ, పత్తి ధర ఎటూ చూడక నిద్రపోతూ, వాన పాత బాకీదారులా మొహం చాటేసి, ఎండ మాత్రం వడ్డీతో సహా వచ్చి వాకిట్లో కూర్చున్న ఆ ఏప్రిల్ మాసంలో, కృష్ణకు దక్షిణాన, గుండ్లకమ్మకు ఉత్తరాన, ఎర్రని కల్లాలతోనూ తెల్లని పత్తి బోరాలతోనూ ఘాటుకు తుమ్మే జనంతోనూ విరాజిల్లే సత్తెనపల్లి పట్టణం యుద్ధానికి బయలుదేరింది. రాజ్యం కోసం కాదు, రాజకన్య కోసం కాదు. ఫుట్‌బాల్ పట్టికలో ఒకే ఒక్క పాయింటు కోసం. ఆ కథ చెబుతాను. తుమ్మేవాళ్లు ముందే తుమ్మండి.

ఆ సేనకు నాయకురాలు కోటిరత్నం గారు. మిర్చి కమిషను వ్యాపారి. మచ్చుకాయను వేళ్ల మధ్య విరిచి ఆ చప్పుడులోనే తేమ ఎంతో వినగల శ్రవణధురీణ. కాటా ముల్లును కంటిచూపుతో నిలబెట్టగల త్రాసుభయంకరి. కొసరు వేయించుకోనిదే కొత్తిమీర కట్ట కూడా కొనని దృఢవ్రత. యార్డు వర్తకులంతా తలా ఇంత వేసుకుని నడుపుకునే సత్తెనపల్లి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆమె అధ్యక్షురాలు. జీతాలిచ్చి ఆటగాళ్లను పోషించే ఎనిమిది క్లబ్బుల లీగులో వీరిది అందరికన్నా చిన్న గల్లాపెట్టె.

ఆ లీగుకు ఒక శాసనం ఉంది. ఏ క్లబ్బయినా నిరుటి రాబడిలో నూటికి డెబ్బై రూపాయలు మించి ఈ ఏడు ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టకూడదు. దాని పుట్టుక మంచిదే. పూర్వం ఒక క్లబ్బు అప్పు తెచ్చి ఆటగాళ్లను కొని, తీర్చలేక, గోలు స్తంభాలు పీకి పాత ఇనుము కింద అమ్ముకుంది. అలాంటి పాడుకాలం మళ్లీ రాకూడదని పెద్దలు గీసిన గీత అది. గీత గీయడం వరకూ బాగానే ఉంది. గీత మీద నుంచి ఏనుగులు దాటిపోతుంటే, కింద పాకే చీమ కాళ్లు లెక్కపెట్టడంతో కథ మొదలైంది.

ఆ ఏటి ఆటలు మొదలయ్యే ముందు కోటిరత్నం గారు చీరాల క్లబ్బు నుంచి అశోక్ అనే గోలందాజును, గోల్స్ కొట్టే వీరుణ్ణి, కొన్నారు. అనుమతించిన సొమ్మంతా, పైసా మిగలకుండా, అతని మీదే పెట్టారు. పక్కవాళ్లకు ధర తెలియకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తెగింది. సంతకాలయ్యాయి. అమ్మినవాడు, చీరల వర్తకుడు, ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఆవిడ లేవకుండా, చేయి చాచి అన్నారు:

"కొసరు?"

"కొసరేంటండీ అమ్మగారూ! ఇదేమన్నా వంకాయల బేరమా?"

"వంకాయలకే వేస్తారే, ఇంత సొమ్ముకి వెయ్యరా? ఏదో ఒకటి వెయ్యండి. ఒట్టి చేతులతో లేవడం నాకలవాటు లేదు."

చీరాల వర్తకుడు చుట్టూ చూశాడు. మైదానం అంచున బల్ల మీద మూడో గోల్‌కీపరు జక్రయ్య కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఆజానుబాహువు, ఆటకు నోచుకోనివాడు, బల్లకు శాశ్వత అలంకారం.

"ఇడుగో, ఈణ్ణి తీసుకుపోండి."

అలా వచ్చాడు జక్రయ్య. అసలు సరుకైన అశోక్ రెండో ఆటలో తొడ నరం పట్టి కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. కొసరు సరుకు ఏడాదంతా బల్ల మీదే మగ్గింది. ఇక ఆఖరి ఆట. ఎదుట ఒంగోలు సేన. దాని అధిపతి గ్రానైటు వ్యాపారి లక్ష్మీకాంత్ గారు, శిలాసార్వభౌముడు, పాలిష్ పట్టిన నవ్వుగలవాడు. గెలిస్తే కప్పు ఆయనది. ఓడితే సత్తెనపల్లి కింది లీగులోకి జారుతుంది. అక్కడ టీవీ సొమ్ము రాదు, వచ్చే ఏడు క్లబ్బు ఉండదు. గోలు కాసేవాళ్లలో ఒకడికి జ్వరం, ఒకడికి వేలు విరిగింది. గతిలేక జక్రయ్యను దింపారు.

ఆట ముగియవచ్చే వేళ, కొరకడానికి గోళ్లు మిగలని వేళ, ఒంగోలుకు పెనాల్టీ దొరికి, వారి సేనాని పన్నెండు గజాల దూరం నుంచి బంతి అనే ఆ చర్మావృత పవనపూరిత ప్రచండాయుధాన్ని కుడిమూలకు గురిపెట్టి ప్రయోగించగా, అది గాలిని చీల్చుకుంటూ, గడ్డిపోచలను గడగడలాడిస్తూ, సత్తెనపల్లి వర్తకులందరి పెట్టుబడినీ మూటగట్టుకుని దూసుకువస్తుండగా, జక్రయ్య అడ్డంగా ఎగిరి, మిర్చి టిక్కీ బస్తాను లారీలోకి విసిరినట్టు తనను తాను విసురుకుని, ఎడమచేతి చిటికెన వేలితో దాన్ని బయటకు నెట్టాడు. ఆట సమానం. ఒక పాయింటు. సత్తెనపల్లి ఇరవై రెండు పాయింట్లతో గట్టెక్కింది. అడుగున ఉన్న జట్టుకు ఇరవై ఒకటి.

కప్పు పోయిన లక్ష్మీకాంత్ గారు ఆ రాత్రికి రాత్రే ఫిర్యాదు చేశారు. కొసరుగా వచ్చినవాడికి కూడా ఒక న్యాయమైన ధర ఉండాలి కదా, ఆ ధర ఖర్చులో ఎందుకు చూపలేదు? ఆయన పెట్టిన నిపుణుడు జక్రయ్య విలువ పద్దెనిమిది లక్షలని కట్టాడు. అంటే శాసనోల్లంఘనం. శిక్ష ఒక పాయింటు. అది పోతే ఇరవై ఒకటికి ఇరవై ఒకటి. గోల్స్ లెక్కలో సత్తెనపల్లే అడుగు.

విచారణ తాడేపల్లిలోని లీగు కార్యాలయంలో. దారిలో, కారులో, కోటిరత్నం గారు వెనక్కి తిరిగి అన్నారు:

"అబ్బాయ్, ఇవాళ నిన్ను అందరి ముందూ తీసిపారేస్తాను. మనసులో పెట్టుకోకు."

"ఎంతవరకు తీసిపారేస్తారమ్మా?"

"సున్నా అయ్యేదాకా."

జక్రయ్య కిటికీలోంచి చూశాడు. "అయితే నేనెందుకమ్మా? నేను రాకపోయినా సున్నాయే గదా."

వ్యాపారంలో జవాబు లేని చోట ఏసీ పెంచమంటారు. ఆవిడ పెంచమన్నారు.

సభాభవనంలో న్యాయమైన ధర నిర్ణాయక సంఘానికి అధ్యక్షుడైన ప్రేమ్‌చంద్ గారు, ఆడిటరు, ఆడిటర్లకే ఆడిటరు, కళ్లద్దాలు సవరించుకుని కూర్చున్నారు. ఎనిమిది క్లబ్బుల ప్రతినిధులూ వచ్చారు. జక్రయ్య వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కోటిరత్నం గారు లేచి, కొంగు బిగించి, సింహనాదం చేశారు.

"అయ్యా అధ్యక్షుల వారూ! మా వైపు బండలాగుడు పందేలు చూశారా? ముందు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్ల జతకు చిన్న బండ, ఆరు పళ్ల జతకు పెద్ద బండ. అదీ న్యాయం. మీ పందెంలో బండ అందరికీ ఒకటే. మేత దగ్గర మాత్రం 'నిరుడెంత తిన్నావు?' అని అడుగుతారు! నిరుడు గడ్డివాము తిన్న ఎద్దుకు ఈ ఏడూ గడ్డివాము. నిరుడు గుప్పెడు తిన్నదానికి గుప్పెడు. బక్కది ఎప్పటికీ బక్కగానే ఉండాలి, అది క్రమశిక్షణ! ఆ గుప్పెట్లో ఒక పోచ ఎక్కువ కనపడిందని ఇవాళ పంచాయితీ!"

"అమ్మా, నిబంధన నిబంధనే," అన్నారు ప్రేమ్‌చంద్ గారు. "అందరికీ సమానం."

"సమానమా? ఒంగోలు మైదానంలో మూల జెండాలు నాలుగున్నాయి. వాటి మీద పేరు రాసుకోడానికి ఒక పాలిష్ ఫ్యాక్టరీ నిరుడు నాలుగు కోట్లిచ్చింది. జెండాకు కోటి! ఆ ఫ్యాక్టరీ ఎవరిదండీ?"

"మా బావమరిదిది," అన్నారు లక్ష్మీకాంత్ గారు నవ్వు చెదరకుండా. "ఆయనకి జెండాలంటే ఇష్టమమ్మా. తప్పా?"

"అది న్యాయమైన ధరేనని నిపుణుల నివేదిక ఉంది," అన్నారు ప్రేమ్‌చంద్ గారు.

"నిపుణుణ్ణి ఎవరు పెట్టారు?"

"వారే పెట్టుకున్నారు. అయినా ఆ జెండాలు నేటి అజెండాలో లేవు."

సభలో ఎవరో దగ్గారు. కోటిరత్నం గారు కూర్చోలేదు. పోరులో మొదటి బాణం తగలదని ఆవిడకు తెలుసు. రెండోదాన్ని ఆవిడ ప్రత్యర్థి అంబులపొదిలోంచే తీశారు.

"మీ నిబంధనలో న్యాయమైన ధర అంటే ఏం రాశారో చదవండి."

ప్రేమ్‌చంద్ గారు చదివారు. "ఇష్టపడి కొనేవాడు, ఇష్టపడి అమ్మేవాడికి ఇచ్చే ధర."

"అమ్మేదాన్ని నేనున్నాను. సరుకు ఆ గోడకు ఆనుకుని ఉంది. కొనేవాళ్లు ఏడుగురు ఎదురుగా కూర్చున్నారు. పాట పెడుతున్నాను. పద్దెనిమిది లక్షలు! ఎవరు కొంటారు?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"పది? అయిదు? లక్ష? లక్ష్మీకాంత్ గారూ, విలువ కట్టించింది మీరే గదా. తీసుకుపోండి."

లక్ష్మీకాంత్ గారి చెయ్యి లేచింది. ఒక్క లక్ష పారేస్తే ఈవిడ నోరు మూతపడుతుంది. కానీ పక్కనున్న లెక్కల మనిషి ఆ చేతిని ఒడిసి పట్టుకుని చెవిలో గుసగుసలాడాడు. నాలుగు కోట్ల జెండాల సొమ్ము రాబడిలో కలుపుకుని ఒంగోలు కూడా గీత అంచుదాకా ఖర్చు పెట్టింది. లక్ష పెడితే వాళ్లే గీత దాటుతారు. లేచిన చెయ్యి దారిలోనే దిశ మార్చుకుని, తల గోక్కుని, కిందికి దిగింది. తక్కిన క్లబ్బులవాళ్లు తమ చెప్పుల అందం చూసుకున్నారు. మూడో గోల్‌కీపరు ఎవరికి కావాలి?

"వెయ్యి?" అన్నారు కోటిరత్నం గారు. ఆవిడ గొంతు ఈసారి కొంచెం తగ్గింది. ఆవిడ గోడ వైపు చూడలేదు.

ఫ్యాను తిరుగుతోంది. చిటికెన వేలికి ఇంకా కట్టుతో ఉన్న మనిషి, రంగు పోయిన తాలు కాయలా, ఎవరూ ముట్టని కుప్పలా నిలబడి ఉన్నాడు. 

"కొనేవాడు లేడు," అన్నారు ప్రేమ్‌చంద్ గారు, కలం తీసి. "అయితే విలువ సున్నా అని..."

"వంద రూపాయలు."

అందరూ వెనక్కి తిరిగారు.

"ఎవరయ్యా అది? ఏ క్లబ్బు?"

"క్లబ్బు కాదండి. సరుకే నేనండి."

జక్రయ్య జేబులోంచి వంద నోటు తీసి, మడత విప్పి పట్టుకున్నాడు.

"ఒరేయ్, నోరు మూసుకో!" అన్నారు కోటిరత్నం గారు. "గెలిచిన పందెం చెడగొడుతున్నావు!"

"మీరే పాట పెట్టారమ్మా. కొనేవాళ్లు ఎదురుగా ఉన్నవాళ్లేనని ఎక్కడా రాయలేదుగా. నేను ఇష్టపడే కొంటున్నాను."

"నేను అమ్మను!"

అప్పుడు శిలాసార్వభౌముడు ఎగిరి లేచాడు. "అదీ! వినండి అధ్యక్షా! వందకు అమ్మనంటున్నారు. అంటే ఇతని విలువ వందకు పైనేనని వాళ్ల నోటితోనే ఒప్పుకున్నట్టు! ఎంత పైనో మా నిపుణుడు చెబుతాడు!"

సభ ఘొల్లుమంది. తన వలలో తానే చిక్కిన కోటిరత్నం గారు అటు వంద నోటును చూశారు, ఇటు పద్దెనిమిది లక్షల నిపుణుణ్ణి చూశారు, నడుమ ఉన్న మనిషిని ఆ రోజుకు మొదటిసారి చూశారు. కాటాలో ఒకవైపు క్లబ్బు. ఇంకోవైపు కొసరు. ముల్లు ఊగింది.

"అమ్మాను," అన్నారు.

ప్రేమ్‌చంద్ గారు నిబంధనల పుటలు తిప్పారు, ఎన్నడూ ఎవరూ తెరవని అడుగు పుటదాకా. "కొసరు విలువ వంద రూపాయలు. అతిక్రమణ వంద రూపాయలు. వెయ్యి లోపు అతిక్రమణకు శిక్ష... అర పాయింటు."

"అర పాయింటా!" లక్ష్మీకాంత్ గారి పాలిష్ మొదటిసారి పెచ్చులూడింది. "ఫుట్‌బాల్లో అర పాయింటేంటండీ?"

"కోటి రూపాయల జెండా ఉండగా లేని తప్పు, అర పాయింటుకు వచ్చిందా లక్ష్మీకాంత్ గారూ?" అన్నారు కోటిరత్నం గారు. అధ్యక్షుల వారు ఆ మాట విననట్టు సంతకం చేశారు. ఇరవై ఒకటిన్నర. అడుగున ఉన్నవాళ్లు ఇరవై ఒకటి. సత్తెనపల్లి నిలిచింది. జెండాలూ నిలిచాయి, నాలుగూ, మూలకొకటి.

కార్యాలయం మెట్ల మీద కోటిరత్నం గారు కారు తలుపు తెరిచి "ఎక్కు" అన్నారు.

"నేనిప్పుడు నా సొంత సరుకునమ్మా. ఊరికే ఎక్కను."

ఆవిడ అతన్ని తేరిపార చూసి, డ్రైవరు భుజం మీది తువ్వాలు లాగి, తమ ఇద్దరి చేతుల మీద కప్పారు. వేళ్లు పట్టుకున్నారు, విదిలించుకున్నారు, మళ్లీ పట్టుకున్నారు. వచ్చే ఏటి జీతం కుదిరింది. ఎంతకో తువ్వాలుకే ఎరుక.

జక్రయ్య కదలలేదు. చేయి చాచాడు.

"కొసరు?"

పుట్టి బుద్ధెరిగి కొసరు పుచ్చుకోవడమే గాని ఇచ్చి ఎరగని ఆ ఇల్లాలు తెల్లబోయింది. "ఏం కావాల్రా?"

"మొదటి ఆట నుంచి గోలు దగ్గర నేనే."

"అది కొసరా? అదే అసలు సరుకు!"

"సరుకే అడుగుతోందమ్మా."

కృష్ణ మీంచి గాలి వచ్చింది. ఆవిడ నవ్వలేదు, లాభం వచ్చినప్పుడు నవ్వకూడదని యార్డు ధర్మం. "సరే," అన్నారు. వెంటనే, అలవాటు చొప్పున, ఆవిడ చెయ్యి కూడా ముందుకు సాగింది. "మరి నా కొసరు?"

జక్రయ్య జేబులోంచి గుప్పెడు వేరుశనక్కాయలు తీసి ఆ అరచేతిలో పోశాడు.

జయము! జయము! అర పాయింటు జయము! ఈ కథ చదివినవారికి, విన్నవారికి, వింటూ నిద్రపోయినవారికి, వారి నిరుటి పుణ్యములో నూటికి డెబ్బై పాళ్లు మించని పుణ్యము ఈ ఏడు లభించును. అంతకు మించి కావలసినవారు బావమరిది చేత జెండా కట్టించుకొందురు గాక! ఆ వేరుశనక్కాయల న్యాయమైన ధర ఎవరైనా అడిగిరేని, తిన్నామని చెప్పుడు.