బకెట్టు లోపలి రాత

ఆ ఉదయం చిన్న కంట్రాక్టరు వేసుకున్న ప్లాను మహా సులువైనది. ఎనిమిదిన్నరకి బావని వ్యానెక్కించుకోవాలి, తొమ్మిదికి పనిముట్ల కొట్లో యంత్రం ఎంచుకోవాలి, పదకొండుకల్లా పళ్ళ డాక్టరమ్మ కొత్త క్లినిక్కులో సీలింగు అతుకులు మొదలుపెట్టాలి. చిక్కల్లా ఒక్కటే. ఆ యంత్రం ఎందుకు కొంటున్నాడో బావకి తెలియకూడదు.

అతన్ని చిన్న కంట్రాక్టరు అనడానికి కారణం వయసు కాదు, కంపెనీ మొత్తం ఒక వ్యానులో పట్టేస్తుంది. నిరుటిదాకా ముగ్గురు. గోడలకీ సీలింగుకీ జిప్సం బోర్డులు బిగించేది అతను. బోర్డుకీ బోర్డుకీ మధ్య లప్పం పూసి, కాగితం టేపు అంటించి, పైన మళ్ళీ లప్పం లాగి, అక్కడ అసలు అతుకే లేదనిపించేది బావ. ఆ లప్పం కలిపేది అక్క. అక్క పోయి పదకొండు నెలలైంది. ఇప్పుడు మిగిలింది ఇద్దరు, ఆ ఇద్దరిలో ఒకరి కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవడం లేదు.

ఈ సంగతి బావ చెప్పలేదు. చెప్పే రకమూ కాదు. కాలు విరిగినా "కాస్త తిమ్మిరెక్కిందిలే" అనే మనిషి. ఒకరోజు ఆయన అద్దం ముందు తల దువ్వుకోవడం కంట్రాక్టరు చూశాడు. లోకంలో అందరికీ దువ్వెన తల దగ్గరికి వెళుతుంది. బావకి తలే వంగి వంగి దువ్వెన దగ్గరికి వెళుతోంది. కంట్రాక్టరుకి ముందు నవ్వొచ్చింది. తరువాత వ్యానులోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు.

"ఆ మాటేదో అన్నయ్యగారికి నేరుగా చెప్పెయ్యరాదూ?" అంది భార్య, అతను చెప్పులేసుకుంటుంటే.

"చెప్తే ఇంకేముంది! 'నేను పనికిరాననేగా' అని సంచి సర్దేసుకుంటాడు. అక్క పోయాక ఆయనకి మిగిలింది ఈ పనొక్కటే. అదీ పోతే ఆ ఇంట్లో ఒక్కడూ గోడలు చూస్తూ కూచోవాలి."

"మరి యంత్రం చూపించి ఏమంటారు?"

"ఏమీ అనను. కొత్తరకం వచ్చిందట, సరదాగా చూద్దాం రా అంటా. అంతే!"

"మీ సరదాలు నాకు తెలియనివా!" అంది భార్య. ఆడవాళ్ళు ముందే చెబుతారు. వింటే ఇక కథలెక్కడివి?

పనిముట్ల కొట్టావిడ మూడు రకాలు చూపించింది. ఒకటి చేతికి తగిలించుకునే పెట్టె. అందులోంచి లాగితే టేపు లప్పం పూసుకుని బయటికొస్తుంది. రెండోది పెద్ద సెట్టు. పంపులు, మూలలకి చక్రాలు, ఇంకా ఏవేవో, పదిమంది పనివాళ్ళున్న కంపెనీలకి. మూడోది మనిషెత్తు గొట్టం. కడుపులో లప్పం నింపుకుని, పక్కన టేపు చుట్ట మోసుకుని, మనిషి నేల మీద నిలబడే ఉండగా సీలింగుకి టేపు అంటించేస్తుంది.

కొనేవాళ్ళందరూ గంటకెన్ని అడుగుల పని అవుతుందని అడుగుతారు. కంట్రాక్టరు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, "దీనికి మోచెయ్యి ఎక్కడిదాకా లేపాలండీ?" అని అడిగాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో కొట్టావిడ ఈ ప్రశ్న వినలేదు.

"పెట్టె అయితే నెత్తి మీదికి లేపాలి. గొట్టానికి ఛాతీ దాటక్కర్లేదు," అంది. "ఎంతమంది వాడతారు?"

"ఒక్కరే," అన్నాడు కంట్రాక్టరు, బావని మనసులో పెట్టుకుని.

వెనక నిలబడిన బావ లెక్క వేసుకున్నాడు. ఉన్నది ఇద్దరు. గొట్టం పట్టుకుని మురిసిపోతున్నది బామ్మర్ది.

"అయితే ఇదే తీసుకోండి. ఇదుంటే నిచ్చెనెక్కే మనిషితో పనే లేదు. ఎంత పాతమనిషైనా సరే, నిశ్చింతగా మానిపించెయ్యొచ్చు."

 ఇక ఆపమని కంట్రాక్టరు ఆవిడకి కన్ను కొట్టాడు. కొట్టావిడ తెలివైనది. పక్కనున్న పెద్దాయన్ని ఒప్పించమంటున్నాడని అర్థం చేసుకుని బావ వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి పెద్దాయనా. చేత్తో లాగే కాలం పోయింది. అలాంటి పనివాళ్ళని పెట్టుకుని ఇంకెన్నాళ్ళు నెట్టుకొస్తారు?"

కంట్రాక్టరు రెండు కళ్ళూ కొట్టాడు. కొట్టావిడ రెట్టింపు ఉత్సాహంతో మరో నాలుగు మాటలంది.

"నిజమేనమ్మా," అన్నాడు బావ నెమ్మదిగా. "ఇంకెన్నాళ్ళులే."

ఒకరోజు వాడి చూసి నచ్చితేనే కొనమని, గొట్టాన్నీ దాని పంపునీ ఆవిడే వ్యానులో పెట్టించింది. పెట్టిస్తూ ఒక్క జాగ్రత్త చెప్పింది. లప్పం మామూలుకన్నా పలచగా ఉండాలి, లేకపోతే గొట్టంలో ఇరుక్కుంటుంది.

వ్యానులో బావ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాస్త దూరం వెళ్ళాక, "ఆ గొట్టం వచ్చాక మరి నా పనేంటి?" అని అడిగాడు.

కొత్త వస్తువంటే బెరుకు కాబోలనుకున్నాడు కంట్రాక్టరు. ధైర్యం చెప్పబోయాడు. "నీకింక పనేముంది బావా! హాయిగా ఉండొచ్చు."

 బావ సంచిలోంచి తన లప్పం బ్లేడు తీశాడు. ఇరవై రెండేళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వని బ్లేడు. దాన్ని గుడ్డతో తుడిచి, చుట్టి, బామ్మర్ది పనిముట్ల పెట్టెలో పెట్టేశాడు. ఎంత ముచ్చటగా సర్దుకుంటున్నాడో అనుకున్నాడు కంట్రాక్టరు. మంచి మనసుంటే చాలదు, కళ్ళు కూడా ఉండాలి.

క్లినిక్కులో డాక్టరమ్మ కొత్త కుర్చీ అప్పుడే దిగింది, ప్లాస్టిక్కు కవరు కూడా విప్పేశారు. గది మధ్యలో పెళ్ళికూతురిలా మెరుస్తోంది. దాని పక్కన, అక్క లప్పం కలిపిన బకెట్టు పెట్టాడు కంట్రాక్టరు.

ఆ బకెట్టు గురించి చెప్పాలి. దాని లోపల ఒక గీత ఉంది. నీళ్ళు ఎందాకా పొయ్యాలో, తొలిరోజున బావ చెప్పిన కొలత ప్రకారం అక్క మేకుతో గీసుకున్న గీత అది. అక్క పనిలోకి వచ్చినన్నాళ్ళూ ఆ బకెట్టు ఇంకెవరూ ముట్టుకోలేదు. పని అయ్యాక అద్దంలా కడిగి బోర్లించేది. ఆసుపత్రిలో ఉన్న రెండు నెలలూ తమ్ముడు కనిపిస్తే చాలు, "బకెట్టు కడుగుతున్నావా?" అని అడిగేది.  మందుల గురించి కాదు, తిండి గురించి కాదు, బకెట్టు గురించి. మంచం పక్కన బావ ఎప్పుడూ ఉండేవాడు. చివరి రెండు రోజుల్లో గొంతు పెగలక, చేత్తో తోముతున్నట్టు సైగ చేసి మరీ అడిగింది. "రోజూ కడుగుతున్నా అక్కా," అనేవాడు అతను. పచ్చి అబద్ధం. పైపైన నీళ్ళు కొట్టి వదిలేసేవాడు. లప్పం పొరలు పొరలుగా ఎండి బకెట్టంతా రాయిలా అయింది.

అక్క పోయాక ఆ పొరలు అడుగు నుంచి గోకుతుంటే గీత బయటపడింది. అక్కే కనిపించినట్టయింది అతనికి. గోకడం అక్కడితో ఆపేశాడు. అప్పటినుంచీ అక్క గీత అంటే వేదం. చుక్క ఎక్కువ కాకుండా, చుక్క తక్కువ కాకుండా అందాకానే నీళ్ళు పోసి కలుపుతున్నాడు. "మీ అక్క పోయిన దగ్గర్నుంచీ లప్పం కూడా బరువెక్కిందిరా," అన్నాడు బావ ఒకసారి. దుఃఖంలో ఏదో అంటున్నాడులే అనుకున్నాడు.

ఇవాళ పలచగా కలపాలి. కంట్రాక్టరు చెంబు ఎత్తాడు. గీత దాకా పోశాడు. చెంబు ఇంకా వంచబోయి ఆగిపోయాడు.

"ఆ గీత కూడా దాటేస్తావురా?" అన్నాడు బావ. "కానీ, కానీ. మనుషులే అక్కర్లేనప్పుడు గీతలెందుకు!"

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో కంట్రాక్టరుకి అర్థం కాలేదు, కానీ చెంబు దించేశాడు. గీత దాటకుండానే బస్తాలోంచి లప్పం పొడి పోసి కలిపాడు. ముద్ద ముద్దగా వచ్చింది. పంపు బకెట్టులో దింపి, ఒంటి బరువంతా వేసి నొక్కి గొట్టం నింపాడు. బకెట్టు గోడల నుంచి రాలిన ఎండు పెచ్చులు కూడా ముద్దతో పాటే గొట్టంలోకి వెళ్ళాయి.

గొట్టాన్ని సీలింగుకి ఆనించి మీట నొక్కాడు. టేపు వచ్చింది, లప్పం రాలేదు. ఇంకాస్త నొక్కాడు. టేపు ఇంకా వచ్చింది. పొడి టేపు మూరలు మూరలుగా దిగి అతని మెడకీ చేతులకీ చుట్టుకుంది. అవమానంతో ఒళ్ళు మండి గొట్టాన్ని ఒక్క గుంజు గుంజాడు. ఏ పెచ్చు ఎక్కడ కదిలిందో, లోపలున్న లప్పమంతా ఒక్కసారిగా ఎగిసి సీలింగుకి కొట్టుకుని, అక్కడినుంచి తీరిగ్గా కింద కుర్చీ మీద పడింది.

ఎంత కోపంలో ఉన్నా పనివాడు పనివాడే. సీలింగు మీద లప్పం ఆరిపోతుంటే బావ చూస్తూ ఊరుకోలేకపోయాడు. పెట్టెలోంచి బ్లేడు లాక్కుని గబగబా నిచ్చెనెక్కాడు. చెయ్యి లేపబోయాడు.

"చెయ్యెత్తకు బావా! భుజం!" అని కంట్రాక్టరు గావుకేక పెట్టాడు.

బావ బిగుసుకుపోయాడు. చెయ్యి చెవి దగ్గరే ఆగింది. కంట్రాక్టరు టేపు చుట్లతోనే పరిగెత్తి బావ కాళ్ళు పట్టుకున్నాడు. నిచ్చెన ఒరిగింది. ఇద్దరూ కలిసి కుర్చీ మీద పడ్డారు, కుర్చీ వెనక్కి వాలింది, కాలు తగిలి బకెట్టు దొర్లింది. డాక్టరమ్మ సరిగ్గా అప్పుడే తలుపు తీసింది.

"ఇది పేషెంట్లు కూర్చునే కుర్చీ అండీ!" అంది ఆవిడ, ఏడవలేక నవ్వుతూ.

ఇద్దరూ ఆవిడ వంక చూడలేదు. "నీకు తెలుసా?" అన్నాడు బావ.

"దువ్వుకుంటుంటే చూశా. అందుకే బావా ఈ గొట్టం. నీకోసం! చెయ్యి ఎత్తక్కర్లేకుండా నువ్వే పట్టుకుంటావని."

"మరి ఒక్కరే అన్నావు?"

"ఆ ఒక్కరూ నువ్వే కదా!"

బావ బామ్మర్ది మెడ చుట్టూ ఉన్న టేపు విప్పడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ మాత్రం కుర్చీని వదిలేసి బకెట్టు వైపు నడిచింది. గొట్టం మూతిలోంచి ఊడిపడిన ఎండు పెచ్చు తీసి చూసింది, బకెట్టులోకి తొంగి చూసింది. వృత్తి అలాంటిది, అంత గార చూస్తే ఆవిడ చేతులు ఊరుకోవు. "ఇంత గార పట్టేదాకా ఏం చేస్తున్నారు? కడగరా దీన్ని?" అంటూ జేబులోంచి పళ్ళ గార తీసే కొక్కెం తీసి గీకడం మొదలుపెట్టింది. పొరలు పలకలు పలకలుగా ఊడి వచ్చాయి. గీతకి నాలుగు వేళ్ళ పైన ఇంకో గీత కనిపించింది. దాని పక్కన మేకుతో గీకిన అక్షరాలు.

"ఇక్కడేదో రాసుంది," అని డాక్టరమ్మ పైకి చదివింది. "తమ్ముడూ, నీళ్ళు ఇక్కడిదాకా పొయ్యి. ఆయనకి భుజం నొప్పి. చెప్పకు."

సీలింగు నుంచి లప్పం ఒక్కో చుక్కే పడుతోంది.

కంట్రాక్టరుకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. బావ ఎదురుగా ఉండగా నోటితో చెప్పలేక, ఆసుపత్రికి వెళ్ళేముందు అక్క అక్కడ రాసి పెట్టింది. కడిగితే కనపడుతుందని. కడిగావా కడిగావా అని అడిగిందందుకే. అక్క మాట నిలబెడుతున్నాననుకుంటూ, పదకొండు నెలలు గట్టి లప్పం కలిపి కలిపి బావ భుజాన్ని తినేసింది తనే. అతను లప్పం చేతులతోనే ముఖం కప్పుకుని భోరుమన్నాడు.

"అడిగింది బావా! పోయేముందు కూడా అడిగింది. రోజూ కడుగుతున్నాననే చెప్పా."

బావ బకెట్టు ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆ అక్షరాల మీద ఒక్కొక్కటిగా వేలు నడిపాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు బకెట్టులోనే పడ్డాయి.

"ఎన్నేళ్ళు మోసం చేసిందిరా నన్ను," అన్నాడు చివరికి. "పలచటి లప్పం చేతకానివాళ్ళకి అని నేను గొప్పలు పోతుంటే, ఊఁ ఊఁ అంటూనే పలచగా కలిపేసేది." బామ్మర్ది వీపు మీద చెయ్యి వేశాడు. "ఊరుకో. నువ్వు కడగలేదని దానికి తెలుసులే. లప్పం మరకలు కూడా ఉతకని నీ చొక్కా చూస్తే తెలీదూ?"

డాక్టరమ్మ ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు. కుర్చీ తుడవడానికి వేణ్ణీళ్ళు తనే పెట్టింది. మధ్యాహ్నం పై గీత దాకా నీళ్ళు పోసి కలిపారు. బావ నేల మీద నిలబడి, మోచెయ్యి ఛాతీ దాటకుండా గొట్టం నడిపాడు. టేపు గీసినట్టు అంటుకుంది. చూస్తున్న కంట్రాక్టరుకి సంతోషం కలగాలి. కలిగింది కూడా, కానీ పక్కన చెంబు పట్టుకుని నిలబడాల్సిన మనిషి లేదే అన్న దిగులు దాన్ని మింగేసింది.

సాయంత్రం పని ముగిశాక, గొట్టం తుడుస్తూ తల తిప్పకుండానే బావ అడిగాడు. "బకెట్టు కడిగావా?"

"కడిగా బావా," అన్నాడు కంట్రాక్టరు.

నిజంగానే కడిగాడు; అయినా బావ వంగి లోపలికి చూశాకే వ్యానెక్కాడు.