జపాను సీరియళ్లపై గుణదల తీర్పు

జపాను దేశపు బొమ్మల సీరియళ్లలో ఏది గొప్పదన్న విషయాన్ని గుణదలలోని ఒక కాలనీ సంక్షేమ సంఘం ఆదివారం ఉదయం పది గంటలకు శాశ్వతంగా తేల్చివేయుననీ, అనంతరం పులిహోర పంచబడుననీ, 2003 ఆగస్టు మొదటి వారంలో కమ్యూనిటీ హాలు ముందు ప్రకటన వెలిసింది. జపాను ప్రభుత్వానికి సమాచారం పంపినట్టు అందులో లేదు గానీ, పంపలేదని కూడా లేదు.

అవసరం ఇలా వచ్చింది. కాలనీకి కేబుల్ ఇచ్చే తిరుపతిరావు తన సొంత చానల్లో సాయంత్రం ఐదున్నరకి ‘దీపస్తంభం’, ఆరింటికి ‘పిడుగు పిడికిలి’ వేసేవాడు. రెండూ తెలుగు మాటలు అతికించిన సీడీలే. ఇంతలో బందరు రోడ్డులోని ఒక నగల దుకాణం తన ప్రకటనల కోసం ఆ అరగంటల్లో ఒకటి కావాలంది. బంగారం వచ్చి అడిగితే కాదనే సంస్కృతి మనది కాదు కాబట్టి, ఒక సీరియల్ ఆగక తప్పదు. ఏది ఆగాలో తాను చెబితే సగం ఇళ్లవాళ్లు తన తీగలు కోసేస్తారని తిరుపతిరావుకి తెలుసు. అందుకని ఆ భారం తీసుకెళ్లి ప్రజాస్వామ్యం నెత్తిన పెట్టాడు.

సంఘానికి ఇది పరువు సమస్య. ఇష్రత్‌కి మాత్రం ప్రాణసంకటం. ఆమె కాలనీ మొదట్లో చిన్న గదిలో చీరలకి ఫాల్, పికో కుడుతుంది. ఐదున్నరకి ఆమె మిషను ఆగుతుందనీ, అప్పుడు పెళ్లికూతురి చీరైనా నోరుమూసుకుని కూర్చోవలసిందేననీ అందరూ ఎరుగుదురు. ఇలాంటి వాటిని అనిమే అంటారని కాలనీ మొత్తం మీద తెలిసింది ఆమె ఒక్కదానికే. ‘దీపస్తంభం’లో, సముద్రం మీదికి వెళ్లిన తండ్రి కోసం ఒక పిల్ల రోజూ దీపం వెలిగిస్తుంది. అంతే కథ. మొత్తం యాభై రెండు భాగాలు, నలభై తొమ్మిది అయిపోయాయి. ఆ తండ్రి వస్తాడో రాడో తెలియకుండా మిగిలిన జీవితం ఎలా గడపాలన్నది ఇష్రత్ బెంగ.

సభ పదింటికన్నారు కనుక పదకొండున్నరకి మొదలైంది. అధ్యక్షులు వెంకటప్పయ్యగారు పామర్రులో హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవారు. “ఈ రెండు సీరియళ్లలో ఏ ఒక్కటీ నేను చూడలేదు. చూసినవాడు నిష్పాక్షికంగా ఉండలేడు కదా!” అని ఆయన ప్రారంభించగా హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ నిష్పాక్షికతతోనే ఆయన తన సర్వీసులోని ముఖ్యఘట్టాలను నలభై నిమిషాల పాటు వివరించారు. జపాను ప్రస్తావన ఒకసారి వచ్చింది. ఆయన చేతి గడియారం అక్కడిదట.

ముఖ్య అతిథి మాణిక్యంగారు గాంధీనగర్‌లో సినిమాల పంపిణీ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు రీళ్ల పెట్టెలు పంపిన మనిషి. కళను రోజుల్లోనూ సెంటర్లలోనూ కొలవడం తెలిసినవారు. “‘పిడుగు పిడికిలి’ నాలుగొందల భాగాలండీ! మొన్న కుర్రాడు పిడికిలెత్తాడు. పదకొండు భాగాలైంది, ఇంకా దించలా. జనం కదిలారా? కదల్లా. అదీ కథాబలమంటే! ఆ దీపం సీరియల్లో అంత సరుకే ఉంటే యాభై రెండుకే ఎందుకైపోద్దండీ?” అని నిలదీశారు. ఆయనకి శాలువా కప్పారు.

వేదిక మీద ఆడవాళ్లు లేరన్న మాట రాకుండా సంఘం ముందే జాగ్రత్తపడి, వందన సమర్పణ ఇష్రత్‌కి అప్పగించింది. ఆమె మైకు అందుకుని, “పులిహోర కలిపిన అమలమ్మగారికి ధన్యవాదాలండీ” అంది. ఆ ఊపిరిలోనే, “ఆ పిల్ల దీపం దగ్గరకి రోజూ నూటపది మెట్లెక్కుద్దండీ. తుఫానొచ్చిన రోజు నూనె అయిపోతే, పండక్కి దాచుకున్న నూనె పోసుద్ది. వాళ్ల నాన్న ‘దీపం కనబడితే వస్తా’ అన్నాడండీ, అందుకని” అని మొదలుపెట్టేసింది. పులిహోర వైపు చూస్తున్న తలలు ఇటు తిరిగాయి. అమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటప్పయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అంతా బాగుందమ్మా. ఇంతకీ ఆ పిల్ల ఎవరి తాలూకు?” అన్నారాయన.

“జపానోళ్లండీ మాస్టారూ.”

“అది సరే. జపానులో ఎవరూ అని.”

రెండు గంటల్లో ఇదే మొదటి అసలైన ప్రశ్న అని గుర్తించి అందరూ ముందుకి వంగారు. ఈ ‘తాలూకు’ల లెక్కలో తన ఇంటికి గడి లేకపోవడం వల్ల ఇష్రత్ చిన్నప్పటినుంచీ దాన్ని బయట నిలబడి చూస్తోంది. జవాబు తప్పితే తండ్రి సముద్రంలోనే ఉండిపోతాడని ఆమెకు అర్థమైంది. నిజానికి మూడో భాగంలో ఆ పిల్ల తాత చిరిగిన వలలు బాగుచేస్తుంటాడు. ఇష్రత్ మనసులోనే ఆ ముసలాయనకి క్షమాపణ చెప్పుకుంది.

“వాళ్ల తాతగారికి డెబ్భై ఎకరాల మాగాణండీ. ఊరికి బడి కట్టించి అంతా పోగొట్టుకున్నారు. అయినా ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు.”

ఎకరాలుండటం తమవాళ్ల లక్షణమని కుడివైపు బల్లలు వెంటనే పోల్చుకున్నాయి. బడి కట్టించడం తమవాళ్ల లక్షణమని ఎడమవైపు బల్లలు పోల్చుకున్నాయి. అన్నీ పోయినా చెయ్యి చాచకపోవడం చూసి వెనక బల్లలకి అనుమానమే మిగల్లేదు. “ఈ ముక్క ముందే చెప్పొద్దా అమ్మా!” అని మాణిక్యంగారు శాలువాతో సహా లేచి నిలబడ్డారు. కథాకథనంలో ‘దీపస్తంభం’ సర్వోత్కృష్టమైనదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ‘పిడుగు పిడికిలి’ సోమవారం నుంచే ఆగిపోయింది. ఆ కుర్రాడి చెయ్యి ఇప్పటికీ పైనే ఉంది.

బుధవారం యాభై రెండో భాగం. ఇష్రత్ గదిలో అమలమ్మ, వెంకటప్పయ్యగారి భార్య రామతులసి కూడా చేరారు. పడవ వచ్చింది. తండ్రి దిగాడు. ఇష్రత్ వెక్కి వెక్కి ఏడ్చింది. అంత సంతోషం ఆమెకి ఈమధ్య లేదు.

రామతులసిగారు కళ్లు తుడుచుకుంటూ, “వస్తాడని నాకు ముందే తెలుసమ్మాయ్. మనవాళ్లు మాట తప్పరు” అన్నారు. ఆవిడ వెళ్లేదాకా ఓపికపట్టి అమలమ్మ ఇష్రత్ చెవిలో, “పాపం అనుకోనియ్యిలే. వాళ్లు మా తాలూకు” అంది.

మీరు నవ్వుకునే ఉంటారు. నవ్వేముందు రాసినవారి ఇంటిపేరు కోసం శీర్షిక కింద ఓసారి వెతికారు కూడా. అక్కడ లేకపోయేసరికి, కథలో ఎవరిని తక్కువగా వెక్కిరించారో చూసి ఇప్పుడు లెక్క కట్టుకుంటున్నారు.