వెన్నముద్ద ఖాళీ చేయించిన ఇల్లు

ఆ రోజు పొద్దున్న వెన్నముద్ద మూడు పనులు పెట్టుకుంది: బూట్లకు పాలిష్ కొట్టడం, గుండె దిటవు చేసుకోవడం, పరీక్ష పాసవడం. తొమ్మిదింటికల్లా మొదటిది అయిపోయింది.

ఆ పేరు పోలీసు శిక్షణలో తోటివాళ్ళు పెట్టింది. పరాయి ఇంట్లో చొరబడి కూర్చున్నవాళ్ళను బయటికి పంపే పరీక్షలో ఆమె రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ "వెళ్ళండి" అనడానికి నోరు పెగల్లేదు. చిన్నప్పుడు అద్దె బాకీ పడ్డారని ఇంటివాడు వీధిలోకి విసిరేసిన గిన్నెలు అమ్మతో కలిసి ఏరుకున్న పిల్ల మరి. ఈసారీ తప్పితే ఇంటికే. అమ్మేమో "మా అమ్మాయి పోలీసు" అని అప్పుడే వీధంతా చాటేసింది.

"వరస మరిచిపోకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కాగితం అడుగు. మూడుసార్లు మర్యాదగా చెప్పు. వినకపోతేనే మోచెయ్యి పట్టుకో. లోపల మా మనిషి ఉంటాడు. 'నేనెవరో తెలుసా' అంటాడు, 'కాగితం రేపొస్తుంది' అంటాడు. కరిగిపోయావా, పెట్టె సర్దుకో!"

పరీక్ష జరిగేది శిక్షణ కాలేజీలో ఖాళీగా ఉన్న ప్రిన్సిపాల్ క్వార్టరులో. చొరబాటుదారు వేషం కట్టాల్సిన రిటైరైన హెడ్ కానిస్టేబులు హెడ్డుగారు తాళం తీసి, టీ తాగొద్దామని అలా వీధిలోకి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే, మర్నాడు చేరాల్సిన కొత్త ప్రిన్సిపాల్ భార్యతో సహా వచ్చి, తలుపు తెరిచి ఉండటం చూసి లోపలికి నడిచాడు. కిటికీలకు కర్టెన్ల కొలతలు కావాలట.

వెన్నముద్ద వెళ్ళేసరికి ఆయన స్టూలెక్కి టేపు పట్టుకుని ఉన్నాడు.

"నమస్కారమండీ. ఈ ఇల్లు మీదేనని కాగితం ఏమైనా ఉందాండీ?"

"రేపొస్తుంది," అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే.

ఆమె ప్రాణం లేచొచ్చింది. పాఠం పొల్లుపోకుండా నడుస్తోంది!

"అయితే బయటికి రావాలండీ."

"నేనెవరో తెలుసా?"

"తెలుసండీ," అంది ఆమె నవ్వుతూ.

మూడోసారి చెప్పాక మోచెయ్యి పట్టుకుంది. ఆయన చేతిలో టేపు చివర అలాగే ఉండిపోయింది. రెండో చివర పట్టుకున్న భార్య కూడా దాంతోపాటే బయటికి వచ్చింది. వెన్నముద్ద ఆవిడ సంచీ తనే మోసుకొచ్చి, గేటవతల నీడలో కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. "ఏమీ అనుకోకండమ్మా. సామాను ఒక్కటీ పడెయ్యలేదు, చూసుకోండి."

అంతలో తాళంచెవి తిప్పుకుంటూ ఓ పెద్దాయన వచ్చాడు. చేతిలో తాళంచెవి ఉన్నవాడు ఇంటి యజమాని కాక మరెవరు?

"మీ ఇల్లు ఖాళీ చేయించాను బాబాయిగారూ! వచ్చి కూర్చోండి." ఆయనకీ కుర్చీ, మంచినీళ్ళు.

హెడ్డుగారు కాస్త తికమకపడ్డాడు. అయినా వేషం వేషమే కదా అని ఆ కుర్చీ కూడా పట్టుకుని లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.

మార్కుల కాగితంతో వచ్చిన ఇన్‌స్పెక్టరు గేటు దగ్గర కొత్త ప్రిన్సిపాల్ని చూసి కొయ్యబారిపోయాడు. సంగతి తెలిశాక వెన్నముద్ద కాళ్ళ కింద నేల కదిలింది. "సార్, పెట్టె సర్దుకోనా?" అంది.

ఇన్‌స్పెక్టరు తలుపు మీద పడ్డాడు. "ఒరేయ్ హెడ్డూ, బయటికి రా!"

"మర్యాదగా మూడుసార్లు చెప్పాలి సార్," అంది లోపలి గొంతు. "మీ పాఠమే."

"ఈ క్వార్టరు నాది!" అని ప్రిన్సిపాల్ అరిచాడు.

"కాగితం ఉందా బాబూ?"

ఆయన జేబులు తడుముకున్నాడు. ఇన్‌స్పెక్టరు తలుపు బాదీ బాదీ చెయ్యి విదిలించుకున్నాడు. చివరికి ప్రిన్సిపాల్ భార్యే కుర్చీలోంచి అంది: "మీ వల్ల కాదుగానీ, ఆ పిల్లని పంపండి. కాపురానికి రాకముందే నన్ను ఇంట్లోంచి గెంటింది. అయినా నాకు కోపం రాలేదంటే చూసుకోండి."

వెన్నముద్ద కళ్ళు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. "బాబాయిగారూ, పొరపాటు నాదే. ఇక మీరు బయటికి రావాలండీ."

రెండోసారి చెప్పకముందే గడియ తీసిన చప్పుడైంది. "ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు కుర్చీ వేసినవాళ్ళు లేరమ్మా," అంటూ హెడ్డుగారు ఆ కుర్చీతో సహా బయటికొచ్చాడు.

మార్కుల కాగితంలో 'బయటికి పంపినవారు' అన్న గడిలో ఒకటి కొట్టేసి మూడు అని రాశాడు ఇన్‌స్పెక్టరు. దాని కింద 'ఉత్తీర్ణురాలు' అని ప్రిన్సిపాల్ సంతకం పెట్టాడు, కాగితం ఇంకా రాలేదు కాబట్టి గేటు బయటే నిలబడి.