కోళ్ళన్నీ చచ్చినట్టున్నాయట

ఆ ఉదయం డాక్టరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆమె పెద్దసారు గదిలో కూర్చుని తన పరిశోధన గురించి చెబుతుంది. ఆలోగా వాళ్ళాయన షెడ్డులో కోళ్ళను పడుకోబెట్టి ఉంచుతాడు. తర్వాత సారును తీసుకొచ్చి చూపిస్తుంది. ఆయన మెచ్చితే పరిశోధన ఇంకొన్నేళ్ళు సాగుతుంది, మెచ్చకపోతే షెడ్డుకు తాళం పడుతుంది. కోళ్ళను చూసుకునే అటెండరు జ్వరంతో పడుకోబట్టి, డ్రాయింగు మాస్టారైన మొగుడి చేత బడికి సెలవు పెట్టించి మరీ లాక్కొచ్చింది.

భయం నేర్చుకుంటే వచ్చేది కాదు, రక్తంలో వచ్చేదని డాక్టరమ్మ వాదం. ఒకే షెడ్డులో, ఒకే మేత పెట్టి, రెండు వంశాల కోళ్ళను తరాల తరబడి పెంచింది. పిరికి వంశం కాలికి ఆకుపచ్చ రింగు, మొండి వంశం కాలికి ఎర్ర రింగు.

"వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మీద కాసేపు చెయ్యి ఆనించి, మెల్లిగా తీసెయ్యండి. ఎర్రదైతే దులుపుకుని లేచిపోతుంది. ఆకుపచ్చది బిగుసుకుపోయి చచ్చినట్టు పడుంటుంది. అన్నీ అయ్యాక ఆఫీసుకు ఫోన్ చెయ్యండి. గాభరా పడకండి."

"నేనెందుకు గాభరా పడతాను?" అన్నాడు మాస్టారు గాభరాగా.

చెప్పింది చెప్పినట్టే చేశాడు, ఎర్రకోళ్ళ జాలీ తలుపుకు గడియ వేయడం తప్ప. ఆకుపచ్చ రింగు కోళ్ళు చెక్క తొట్టెల్లో వరసగా, కాళ్ళు పైకి పెట్టి, కళ్ళు తెరుచుకునే పడి ఉన్నాయి. అంతదాకా చెవులు చిల్లులు పడేలా అరిచిన షెడ్డులో నీటి గొట్టం నుంచి చుక్క రాలే చప్పుడు వినిపించింది. ఎర్రకోళ్ళు జాలీ వెనక మెడ వంచి, ఒంటికన్నుతో మాస్టారినే చూస్తున్నాయి. ఆయన ఓ అడుగు వెనక్కి వేశాడు.

కానీ కదలకుండా కూర్చునే మనిషి బొమ్మకు దొరకలేదని ఆయనకు ఏళ్ళ నాటి బాధ. భార్యను కూర్చోబెట్టినప్పుడల్లా పాలు పొంగేవి. ఆయన స్టూలు లాక్కుని పెన్సిలు తీశాడు. చూసి గీసేకొద్దీ కోళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. వాటికి అన్నిటికన్నా భయం ఎదుటివాళ్ళ చూపంటేనే, చూస్తున్నంతసేపూ లేవవు. ఆ ఒక్క ముక్క చెప్పడం డాక్టరమ్మ మరిచిపోయింది.

బొమ్మ సగమయ్యాక ఫోన్ చేస్తే గుమస్తా ఎత్తాడు.

"మా ఆవిడకు చెప్పండి, ఆకుపచ్చ రింగు కోళ్ళు చచ్చినట్టున్నాయి."

"అయ్యయ్యో! అన్నీనా?"

"అన్నీ! ఎంత బాగున్నాయో! బొమ్మలు కూడా గీస్తున్నాను."

గుమస్తా ఫోన్ పెట్టేసి పెద్దసారు గదికి పరిగెత్తాడు.

అప్పుడే పెద్దసారు డాక్టరమ్మకు అడ్డు తగులుతున్నాడు. "రక్తం కాదమ్మా, పెంపకం. మా అన్నయ్య మేనమామ ఇంట్లో గారాబంగా పెరిగాడు, పిరికివాడయ్యాడు. నేను నాన్న చేతి దెబ్బలు తిని పెరిగాను. నాకు భయమంటే తెలీదు."

గుమస్తా తలుపు తోసుకొచ్చాడు. "అమ్మా, కోళ్ళన్నీ చచ్చినట్టున్నాయట!"

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "ఒక్కటి కూడా మిగల్లేదా? చూశారా సార్, ఇన్నేళ్ళ నా కష్టం ఫలించింది!"

పెద్దసారు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "మరి... ఎర్రవి?"

"అవి ఏం చేసినా లేచిపోతాయి సార్. మొండి ఘటాలు."

ఆయన మెల్లిగా పక్కగదిలోకి వెళ్ళి అన్నయ్యకు ఫోన్ చేశాడు. ఆ అన్నయ్య పశువుల తెగుళ్ళ శాఖలో అధికారి. ఒక షెడ్డులో తెగులు తగిలితే చచ్చినవాటితో పాటు బతికున్నవాటినీ గోతిలో వేసి సున్నం చల్లించడం ఆయన ఉద్యోగం.

డాక్టరమ్మ సారును వెంటబెట్టుకుని వచ్చేసరికి షెడ్డు ముందు వ్యాను ఆగి ఉంది. లోపల తెల్లటి ముసుగు మనుషులు, మొహాలు లేనివాళ్ళలా, చప్పుడు చేయకుండా సంచుల మూతులు విప్పుతున్నారు. మాస్టారు పెన్సిలు గాల్లో పెట్టుకుని బొమ్మయిపోయాడు.

"ఆపండి! అవి బతికే ఉన్నాయి!" అని అరిచింది డాక్టరమ్మ.

"ఈ పడున్నవాటిలో ఒక్కటి కదిలినా తెగులు కాదని వదిలేస్తాను," అన్నాడు ముసుగులోంచి అన్నయ్య.

అందరూ కోళ్ళ కళ్ళలోకి గుచ్చి గుచ్చి చూశారు. ఒక్క ఈక కదల్లేదు. ముసుగు చేయి మొదటి తొట్టె వైపు సాగింది. గుడ్డు నుంచి తను పెంచిన పిల్లలవి. డాక్టరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది, దాంతో పాటే అసలు సంగతీ తట్టింది.

"చూడకండి! మీరు చూస్తుంటే అవి లేవవు! మీకు దణ్ణం పెడతాను, అందరూ గోడవైపు తిరగండి!"

తిరిగారు. నీటి చుక్క రాలింది. వెనక ఏదో పొర్లిన చప్పుడు. తర్వాత సిమెంటు గచ్చు మీద గోళ్ళ టికటిక. ఒకటి కాదు, చాలా. దగ్గరికి వస్తోంది. బతికున్నవే లేస్తున్నాయని అందరికీ తెలుసు. అయినా వెనక్కి తిరిగే ధైర్యం ఎవరికీ చాలలేదు.

"ఎ... ఎవరది?" అన్నాడు అన్నయ్య.

గడియ లేని జాలీలోంచి వచ్చిన ఎర్రకోడి ఒకటి ఆయన పిక్క పట్టుకుని పొడిచింది. ఆయన కెవ్వుమని వెల్లకిలా పడ్డాడు. ఏమైందోనని తిరిగిన పెద్దసారు భుజం మీదకు ఇంకో ఎర్రకోడి ఎగిరింది. ఆయనా అన్నయ్య పక్కనే పడ్డాడు. ఇద్దరివీ అవే ముడుచుకున్న చేతులు, అవే తెరుచుకున్న కళ్ళు.

ఎర్రకోళ్ళు చుట్టూ చేరి, మెడ వంచి, ఒంటికన్నుతో వాళ్ళను చూడసాగాయి. అన్నదమ్ములు కదల్లేదు.

"ఏమే," అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి, "సార్లిద్దరూ చచ్చినట్టున్నారు."

"కంగారు పడకండి. చూపు తిప్పితే లేస్తారు." డాక్టరమ్మ మూలకు గుప్పెడు మేత విసిరింది. ఎర్రకోళ్ళు అటు పరిగెత్తాయి, లేచిన ఆకుపచ్చవి వాటి వెనకే. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి లేచి, ఒకేలా వీపులు దులుపుకున్నారు.

"సార్, ఇందాక పెంపకం గురించి ఏదో..."

"రక్తమేలేమ్మా," అన్నాడు పెద్దసారు నేల చూపులు చూస్తూ. "పరిశోధన ఆపకండి. ఈ సంగతి మాత్రం అందులో రాయకండి."

వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. మాస్టారు రింగుల డబ్బాలోంచి రెండు ఆకుపచ్చవి ఏరి, ఆ సైజు అన్నదమ్ముల కాళ్ళకు చాలదని మళ్ళీ లోపల పెట్టేశాడు.