తెల్లవారితే గురువారం

కృష్ణవేణి పాయలు చీలి సాగరుడి కౌగిలి చేరే చోట, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల ఘోషే మంగళవాద్యంగా, ఉప్పుగాలే వింజామరగా విరాజిల్లే దివిసీమలో, నాగాయలంక పురవరాన, ఆరున్నర ఎకరాల చెరువుకు ఏకచ్ఛత్రాధిపతి, పూటపూటా ఇన్సులిన్ సూదిని పొట్టమీద చిరునవ్వుతో స్వీకరించే మధుమేహ ధిక్కారి, యాభైమూడేళ్ళ గోవర్ధనరావు అనే మహావీరుడు ఒకానొక సోమవారపు ఉదయాన ఫోను తెరిచి ఒక ఈమెయిల్ చూశాడు. నోట్లో పెట్టుకున్న ఇడ్లీ ముక్కను మింగలేక, కక్కలేక, చిత్రపటంలో వీరుడిలా నిశ్చలంగా ఉండిపోయాడు.

అది సప్తసముద్రాలకు ఆవల వెలసిన ఒక ద్వీపదేశపు ఆరోగ్యశాఖ సంధించిన అస్త్రం. ఆయన ధర్మపత్ని పూర్ణిమ, బందరులో ఇరవయ్యేళ్ళు నర్సుగా రోగార్తి హరించిన సాధ్వి, నాలుగు నెలల కిందట ఆ దేశంలో ఉద్యోగం గెలిచి, అక్కడి ఉచిత వైద్యానికి అర్హత కూడా సాధించింది. ఇప్పుడు భర్తకు కూడా అదే అర్హత కోరుతూ దరఖాస్తు పెట్టింది. అది మంజూరైతే ఇన్సులిన్ ఉచితం. కాకపోతే అక్కడి మందుల ధరలకు ఆరున్నర ఎకరాల రొయ్యలూ చాలవు. "వైద్యం కార్డు రాకుండా విమానం ఎక్కారా, నేను ఎయిర్‌పోర్టుకి రాను" అని ఆ సాధ్వి భీషణ ప్రతిజ్ఞ. విమానానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

ఇంతకూ ఆ అస్త్రంలో ఉన్నదేమిటంటే: "భార్య ఫారంలో వివాహం 1997 మే 21. భర్త ఫారంలో మే 22. మీరిద్దరూ చేసుకున్నది ఒకే పెళ్ళేనా? సర్టిఫికెట్టు కిందటేడు తీసుకున్నది కనుక చెల్లదు. పెళ్ళి నాటి కాగితమే పంపండి. గడువు మూడు రోజులు."

వీరుడు వెంటనే ఫోను మోగించాడు.

"ఏమండీ, మనకి పెళ్ళెప్పుడయిందో మీకు తెలీదా?" అంది పూర్ణిమ.

"తెలుసు కాబట్టే ఇరవై రెండని రాశాను. తాళి కట్టింది రాత్రి రెండు దాటాక. పన్నెండు దాటితే తారీఖు మారుద్దా, లేదా?"

"నేను పెళ్ళికూతురుగా తయారై కూర్చుంది బుధవారం. ఊరంతా భోంచేసింది బుధవారం. మీ మేనత్త వంకాయ కూరలో ఉప్పు తక్కువైందని అలిగింది బుధవారం. ఇరవై ఒకటి."

"అది అలిగిన తారీఖు. కట్టిన తారీఖు కాదు."

"అయితే పెళ్ళి కార్డు తెచ్చి చూపించండి" అని ఆమె యుద్ధభేరి మోగించి పెట్టేసింది.

ఇరవై ఎనిమిదేళ్ళ నాటి శుభలేఖ ఇంట్లో ఎక్కడుంటుంది? వరదకు కొన్ని, చెదలకు కొన్ని, పొయ్యి రాజెయ్యడానికి మిగిలినవీ పోయాయి. అయినా ధీరోదాత్తుడు కుంగలేదు. అవనిగడ్డ మీదుగా వెళ్ళే పల్లెవెలుగు బస్సు అనే రథాన్ని, కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆక్రమించే సనాతన యుద్ధవిద్యతో అధిరోహించి, గుంత గుంతకూ ఎగిరిపడుతూ బందరు చేరి, పాండురంగ గారి గుమ్మం ముందు నిలిచాడు.

ఎవరా పాండురంగ గారు? పూర్ణిమ తండ్రికి ప్రాణమిత్రుడు, ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరైన కాగితపు భీష్ముడు. తనకు అందిన ప్రతి శుభలేఖనూ సంవత్సరాలవారీగా తీగకు గుచ్చి భద్రపరచడం ఆయన వ్రతం.

"మావయ్య గారూ, మా పెళ్ళి కార్డొకటి కావాలండీ."

"ఉంది అల్లుడు గారూ. తొంభై ఏడు, మూడో తీగ. దరఖాస్తు పెట్టండి, ఇస్తాను."

"దరఖాస్తా?"

"కాగితం బయటికెళ్ళాలంటే కాగితం లోపలికి రావాలి."

కాఫీ తెచ్చిన ఆయన అర్ధాంగి ఇందిర గారు, "రాసిచ్చెయ్యి బాబూ. బీరువా తాళం కోసం నేనూ మొన్న రాశాను" అన్నారు.

వీరుడు రాశాడు. గుమాస్తా గారు చదివి, కారణం లేదని వెనక్కిచ్చారు. కారణం రాశాడు. తేదీ లేదని వెనక్కిచ్చారు. మూడో దండయాత్రలో కోట లొంగింది. తీగమీంచి, అంచులకు పసుపు ఆరిపోయి, రెండు చిలకలు వెలిసిపోయిన శుభలేఖ దిగివచ్చింది. అందులో ఇలా ఉంది: *21-5-97 బుధవారం రాత్రి గం. 2-47 ని.లకు (తెల్లవారితే గురువారం).*

పాండురంగ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మనకి సూర్యుడొస్తేనే రోజు మారుతుంది. వాళ్ళకి అర్ధరాత్రే మారిపోతుంది. కార్డు ప్రకారం అమ్మాయి కరెక్టు. గడియారం ప్రకారం మీరు కరెక్టు. అడిగింది గడియారం మనుషులు కాబట్టి, గెలుపు మీదే."

ఆ మాట చెవినబడగానే, ఒకప్పుడు ఊరి పౌరాణిక నాటకాల్లో రెండుసార్లు ద్వారపాలకుడి వేషం కట్టిన ఆ నటశేఖరుడి రక్తం ఉప్పొంగింది. అరుగు మీద లేచి నిలబడి, శుభలేఖను ఖడ్గంలా ఎత్తి, "ఓయీ కాలపురుషా! ఇరవది యెనిమిది వత్సరములు నన్ను అవహేళన చేసితివి గదా! నేడు నా తారీఖు నాకు దక్కినది! ఇక సహధర్మచారిణి దిద్దుకొనుగాక తన ఫారమును!" అని గర్జించాడు.

"కాఫీ ఒలుకుతోంది, కూర్చో బాబూ" అన్నారు ఇందిర గారు.

వీరుడు భార్యకు ఫోను కలిపి, స్పీకరు పెట్టి విజయవార్త వినిపించాడు.

"సరేనండీ, మీరే కరెక్టు" అంది పూర్ణిమ. "కానీ ఇప్పుడే ఆఫీసులో కనుక్కున్నాను. నా ఫారం దిద్దితే నా అర్హత మళ్ళీ మొదట్నుంచి చూస్తారంట. ఆరు వారాలు పడుద్ది. అదయ్యాకే మీది. మీ ఫారం దిద్దితే రెండు రోజుల్లో అయిపోద్దంట."

చేతిలో రుజువు ఉంది. ఎదుట సాక్షి ఉన్నాడు. అయినా ఓడాల్సింది తనే.

"అంటే, గెలిచినవాణ్ణి నేను తప్పని రాయాలా?"

"తప్పని కాదండీ. అక్కడ ఒక్కరూ మీరు వేసుకునే సూదులన్నీ ఇక్కణ్ణుంచి లెక్కేసుకుంటున్నాను నేను. ఆరు వారాలు మిమ్మల్ని చూడకుండా ఉండలేనని కూడా రాయమంటారా?"

వీరుడు మెలేసిన మీసాన్ని కిందికి దువ్వుకున్నాడు. పాండురంగ గారు దయతో కలం అందించారు. "సవరణ అని రాయండి అల్లుడు గారూ. గౌరవప్రదమైన మాట. నా సర్వీసులో నాలుగువేల సవరణలు చేశాను. ఒక్క తప్పు కూడా ఒప్పుకోలేదు."

అంతట ఆ మహావీరుడు, కాలచక్రాన్ని స్వహస్తాలతో వెనక్కి తిప్పినవాడై, రెండును కొట్టేసి ఒకటిని వేసి, పక్కన సంతకం పెట్టి, శుభలేఖ ఫోటోతో సహా సముద్రాల మీదుగా పంపించాడు.

రెండోనాడు జవాబు వచ్చింది. అర్హుడు అనే అర్థమిచ్చే ఒక్క ఇంగ్లీషు మాట, దాని కింద ఒక నంబరు. గోవర్ధనరావు చెరువు గట్టున నిలబడి అది మూడుసార్లు చదివి, భార్యకు ఫోను చేశాడు.

"వచ్చింది. అర్హుణ్ణంట."

"వైద్యానికండీ."

"అదేం రాయలేదు. ఉత్తి అర్హుడు అనే ఉంది."

వినండి, దివిసీమ వాసులారా! మామగారు అనలేదు, పంట రుణం ఇచ్చిన బ్యాంకు మేనేజరు అనలేదు, సొసైటీ ఎన్నికల్లో రెండుసార్లు ఓడించిన ఊరివాళ్ళు అసలే అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురానంతరం, తారీఖు ఒక రోజు వెనక్కి జరుపుకున్న మూల్యానికి, ఒక సర్వసత్తాక రాజ్యం రాతపూర్వకంగా అన్నది: నాగాయలంక గోవర్ధనరావు తన భార్యకు భర్తే, అర్హుడే. ఏరేటర్లారా, మోగండి!