ఆదిమాత మీసం తీసిన వైనం

యూరప్ ఖండపు ఆదిరాజు మీసం పైకే తిరిగి ఉండెనని బల్గేరియా సాంస్కృతిక శాఖామాత్యులు స్పాస్ కరాదోచెవ్ గారు మా గోర్నా చెష్మా పట్టణంలో ప్రకటించారు. కిందికి వాలే మీసం ఈ నేలలో మొలవదని కూడా సెలవిచ్చారు. పట్టణ గ్రంథాలయ కార్యదర్శినీ, ఆ రాజుకు కంచు విగ్రహం పోయిస్తున్న సంఘంలో సభ్యుణ్ణీ కాబట్టి నేను అందరికంటే ముందు చప్పట్లు కొట్టాను.

సంగతేమిటంటే, ఊరి చివర మట్టిదిబ్బ కింద ఆరున్నర వేల ఏళ్ళనాటి సమాధి బయటపడింది. అందులో ఒక అస్థిపంజరం, చేతి పక్కన రాగి గొడ్డలి, మెడ చుట్టూ బంగారు పూసలు. గొడ్డలి ఉంది గనుక మగవాడు. బంగారం ఉంది గనుక రాజు. మా ఊళ్ళో దొరికాడు గనుక యూరప్‌కంతటికీ మొదటివాడు. ఈ తర్కానికి వంక పెట్టడానికి దేశభక్తి లేనివాళ్ళు కావాలి.

ఆ లోటు తీర్చింది సమాధిని తవ్వి తీసిన డాక్టర్ రదోస్వెతా మిన్కోవా. ఆవిడ మా మ్యూజియానికి ఇన్‌ఛార్జ్ డైరెక్టర్. ఆ ‘ఇన్‌ఛార్జ్’ ఎంత పాతదంటే, కొత్తవాళ్ళు అది ఆవిడ ఇంటిపేరనుకుంటారు. విగ్రహావిష్కరణనాటికి ఆ మాట తీసేసి పూర్తి డైరెక్టర్‌ను చేస్తామని అమాత్యులు అభయమిచ్చి ఉన్నారు. లోకజ్ఞానం ఉన్న మనిషి అటువంటప్పుడు నోరు కుట్టుకుంటుంది. ఈవిడ సంఘం ముందుకొచ్చి, “కటి ఎముక చూశాను. మీ రాజు ఆడమనిషి” అంది.

“మీసం పోత పోసేశాం కదమ్మా!” అన్నాడు మేయరు.

“కోయించండి.”

“మరి గొడ్డలి?”

“గొడ్డలి ఆవిడదే. ఉండనివ్వండి.”

అమాత్యులు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి సిద్ధాంతం సిద్ధంగా ఉంది.

“నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే! ఈ నేలను ఏలింది స్త్రీ, ఆదిమాత! మగపెత్తనం మన సరుకు కాదు. తూర్పు మైదానాలనుంచి గుర్రాలెక్కి వచ్చినవాళ్ళు దిగుమతి చేసింది!”

రంపం తెప్పించి మీసం కోయించారు. పై పెదవి మీద కాస్త గరుకు మిగిలింది. దాన్ని చిరునవ్వుగా పరిగణించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. పిమ్మట ‘ప్రాచీన స్త్రీ ఔన్నత్య పరిరక్షణ సంఘం’ వెలిసింది. సభ్యులం అందరం పురుషులమే. ఔన్నత్యం దూరంనుంచి చూసేవాళ్ళకే కదా కనబడేది!

ఆవిష్కరణ ముందురోజు డైరెక్టర్ ఎవరో తేలింది. వార్నా రోడ్డులో కార్లు కడిగించే వ్యాపారం చేసుకుంటున్న ప్లామెన్. అమాత్యుల మేనల్లుడు.

“నాకు మాట ఇచ్చారు మంత్రిగారూ” అంది రదోస్వెతా.

“డాక్టరమ్మా, ఆ కాలంలో మీ ఆడవాళ్ళు వేల ఏళ్ళు ఏలారని నువ్వే తేల్చావు. మా వంతు మేమూ తీర్చుకోవద్దా? సమానత్వమన్నాక ఓపికుండాలి.”

“మగపెత్తనం దిగుమతి సరుకన్నారుగా?”

“అన్నాను. కాదనను. కానీ ఏం చెయ్యను తల్లీ, నాలో ఉన్నది ఆ గుర్రాలవాళ్ళ రక్తమాయె!”

పాలకులలో ఇంతటి ఆత్మపరిశీలన నేనెన్నడూ చూడలేదు.

మర్నాడు ఆవిష్కరణకు వచ్చిన విదేశీ ప్రతినిధుల కార్లు మ్యూజియం మలుపు తిరిగాయి. గడప దగ్గర అతిథికి ఇంటావిడ రొట్టె, ఉప్పు అందించడం మా ఆచారం. అది లేకుండా ఇక్కడ పెళ్ళికొడుకు కూడా లోపలికి రాడు. మేయరు అత్తగారు కాల్చిన రొట్టె బండిచక్రమంత ఉంది. కుట్టుపూల ఏప్రాన్ ఒకటి తెచ్చి రదోస్వెతా చేతిలో పెట్టాం. ఆవిడ దాన్ని చక్కగా మడిచి మెట్ల పిట్టగోడ మీద పెట్టింది.

“రొట్టె ఇచ్చేది ఇంటివాళ్ళు. ఈ ఇల్లు ఇప్పుడు ప్లామెన్‌ది. రా నాయనా, ఏప్రాన్ కట్టుకో.”

ప్లామెన్ ప్రయత్నించాడు. “మామయ్యా, నడుముకి చాలడం లేదు.”

“మగవాడు రొట్టె ఇస్తే ఊరికి అరిష్టం!” అన్నాడు మేయరు చెమటలు తుడుచుకుంటూ.

“ఆచారం ఆడవాళ్ళదీ, కుర్చీ మీదీనా?” అంది ఆవిడ.

కారు తలుపులు తెరుచుకున్నాయి. కెమెరాలు లేచాయి. అమాత్యులు పళ్ళ మధ్యనుంచి, “సరే, ఇంటావిడవి నువ్వే! డైరెక్టరువి నువ్వే! పట్టుకోవమ్మా!” అన్నారు.

“ఎంతకాలం?”

“ఆ రొట్టె ఉన్నంతకాలం!”

అమాత్యుల కోటుకు తగిలించిన మైకు అప్పటికే పనిచేస్తోంది. చౌరస్తా అంతా విన్నది. దుభాషీ తన ధర్మం తాను నిర్వర్తించాడు. అదేదో ప్రాచీన ప్రమాణమనుకుని ఒక ప్రతినిధి కళ్ళు తుడుచుకుంది.

రదోస్వెతా రొట్టె అందుకుంది. అతిథులు చిటికెడేసి తుంచుకుని ఉప్పులో అద్దుకున్నారు. అమాత్యులు పెద్ద పెద్ద ముక్కలు విరిచి గబగబా మింగుతూ, “తినరా, నువ్వూ తిను!” అని మేనల్లుణ్ణి తొందరపెట్టారు. ప్లామెన్‌కు పొలమారింది.

“అతిథులకండీ” అని ఆవిడ పళ్ళెం వెనక్కి లాక్కుంది.

మిగిలిన రొట్టెను లోపలికి తీసుకెళ్ళి, తేమా వేడీ తగలని అద్దాల పెట్టెలో, ఆదిమాత ఎముకల పక్కన పెట్టి తాళం వేసింది. ఆ తాళంచెవి డైరెక్టరు దగ్గరే ఉండాలన్నది మ్యూజియం నిబంధన.

ప్లామెన్ ఇప్పటికీ వారం వారం టికెట్టు కొనుక్కుని వస్తాడు. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి వెళ్తాడు.

ఇంకా బూజు పట్టలేదు.